తాతగారి నుదుట తూటా

నగల దుకాణం యజమాని తాతగారి నుదుటి మధ్యలోంచి తూటా దూసుకుపోయింది.

ప్రాణనష్టం లేదు. తాతగారు పోయి నలభై ఏళ్లయింది. ప్రస్తుతం గోడ మీద ఫొటోలో ఉంటున్నారు. అయినా బౌబజార్ వీధి మొత్తం ఆయన్ని ఆ ఉదయమే ఎవరో హత్య చేసినట్టు గగ్గోలు పెట్టింది.

పేలింది సువర్ణ పిస్తోలు. వాట్‌గంజ్ సెక్యూరిటీ ఏజెన్సీలో పిస్తోలు పట్టిన మొదటి ఆడపిల్ల ఆమె. ఆ దుకాణంలో కాపలా డ్యూటీలో చేరి ఆరు రోజులు. సేఫ్టీ వేసి ఒరలో పెడుతుంటే ఒర పట్టీ ట్రిగ్గర్‌కి తగిలి పేలిందని ఆమె చెప్పింది. సేఫ్టీ వేస్తే పేలదు కాబట్టి వేయలేదని ఏజెన్సీ ఆఫీసులో మేనేజర్ ప్రదీప్‌కుమార్ తేల్చాడు. అతను హైదరాబాదు నుంచి వచ్చి నాలుగు నెలలు. ఇంతవరకు పిస్తోలు ముట్టుకోలేదు గానీ, దాని మీద గట్టి అభిప్రాయాలున్నాయి.

“నాలుగింటికల్లా పోలీస్‌స్టేషన్‌కి రిపోర్టు వెళ్లాలి. ‘బాధ్యుల పేరు’ అని ఒక గడి ఉంది. అందులో ఎవరి పేరు రాస్తే వాళ్లు ఇక జన్మలో ఆయుధం ముట్టుకోలేరు” అన్నాడు.

“ముందు సామాను సూడనీ బాబు” అన్నాడు గురువులు.

గురువులు ఆ ఏజెన్సీలో ఆయుధాల మెకానిక్. సువర్ణ తండ్రి కూడా. ఇరవై ఆరేళ్లుగా తుపాకులతో తప్ప ఎవరితోనూ మర్యాదగా మాట్లాడలేదు. దేవుడితో అసలు మాటల్లేవు.

తూటాలన్నీ తీసేసి సేఫ్టీ మీట నొక్కాడు. పైకి లేచింది. చూసేవాళ్లకి సేఫ్టీ పడినట్టే. పిస్తోలు చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ నొక్కాడు.

“టిక్కు నేదు. మీట ఎల్తంది గానీ గాట్లో కూకోటం నేదు.”

స్ప్రింగు చూడలేదు, ట్రిగ్గర్ చూడలేదు, నేరుగా మీట పిన్ను మీద చెయ్యేశాడు. అనుభవమంటే అదీ. ఆ పిన్ను ఊడదీయడం అందరికీ చేతకాదు. గురువులుకి అర నిమిషం పట్టింది. మీట కింద ఎర్రగా, మైనంలా ముద్దకట్టిన జిగురు.

“కుంకం” అన్నాడు, వాసనైనా చూడకుండా. “ఆముదంలో కలిపినారు.”

ప్రదీప్‌కుమార్ అతని నైపుణ్యానికి ముచ్చటపడ్డాడు. గురువులు జిగురంతా గుడ్డతో తుడిచి, గుడ్డని చెత్తబుట్టలో పడేశాడు. పిన్ను బిగించి మీట నొక్కాడు. టిక్కుమంది. గోడవారగా నిలబడ్డ సువర్ణ అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

తొందరపడింది.

“విశ్వకర్మ పూజ” అన్నాడు ప్రదీప్‌కుమార్, కేసు ఛేదించినవాడిలా.

కిందటి వారం, పనిముట్లకి చేసే ఆ పూజకి సిబ్బంది కుటుంబాలన్నీ ఆఫీసుకి వచ్చాయి. ఆ ఉదయమే సువర్ణకి పిస్తోలు అప్పగించారు. ఇనుముకి బొట్టు తగలకూడదని గురువులు ముందే గోల పెట్టాడు. అందరూ విన్నారు, అతని భార్య సన్యాసమ్మ తప్ప. గేటు రిజిస్టర్‌లో భర్త పేరు చెప్పమంటే, పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని పావుగంట నోరు విప్పని ఇల్లాలు ఆవిడ. చివరికి సువర్ణ వెళ్లి రాయించింది. లోపలికొచ్చాక మాత్రం ఆవిడ కుంకుమభరిణెకి అడ్డులేదు. లాఠీలకి, జీపుకి, మంచినీళ్ల కుళాయికి, ప్రదీప్‌కుమార్ కంప్యూటర్ మౌస్‌కి కూడా బొట్లు పడ్డాయి.

“మీ ఆవిడేనా?”

“ఇంటికాడ ఫ్రిజ్జుక్కూడా ఎట్టేస్తది” అన్నాడు గురువులు, పిస్తోలు మీంచి చూపు తీయకుండా. “సదువు నేదు గదా బాబు.”

కబురు పంపారు. సన్యాసమ్మ వచ్చింది. జరిగింది విన్నది. పిస్తోలు వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. అతను అప్పటికే బిగించిన మర మళ్లీ బిగిస్తున్నాడు.

“నానే ఎట్టినాను” అంది. “రాసుకో బాబు.”

ప్రదీప్‌కుమార్ సంతోషంగా కలం తీశాడు. ఆపైన రూలు వివరించాడు. ఆఫీసు మనిషి పాడుచేస్తే తప్పు ఆ మనిషిదే. కానీ బయటివాళ్లు ముట్టుకుంటే, ముట్టుకోనిచ్చినందుకు ఆయుధం ఎవరిదో వాళ్లదే తప్పు. అంటే సువర్ణది. గడిలో ఆమె పేరే రాయాలి.

“అమ్మా” అంది సువర్ణ.

“అలగయితే నాను ఎట్టనేదు” అంది సన్యాసమ్మ.

“ఇప్పుడే కదమ్మా పెట్టానన్నారు?”

“అన్నాను. ఇప్పుడు నేదంటన్నాను. నాను నీల్లతోటి కలుపుతాను బాబు, ఆముదంతోటి కాదు. నీ మౌసు సూసుకో.”

ప్రదీప్‌కుమార్ మౌస్ చూసుకున్నాడు. వేలితో తాకితే బొట్టు పొడిగా రాలింది. అతని తెలివి అంతవరకే పనిచేసింది.

“మరైతే ఎవరు? పేరు చెప్పండి.”

“పిల్ల సల్లగుండాలనే ఎట్టినారు. పేరు నా నోట రాకూడదు” అంది సన్యాసమ్మ. ప్రదీప్‌కుమార్ గడియారం చూశాడు. నాలుగవడానికి పది నిమిషాలుంది. నిట్టూర్చి, గడిలో ‘సు’ అని రాశాడు.

“ఆగు బాబు.”

ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుంది. మంగళసూత్రాలు కళ్లకద్దుకుని, గేటు దగ్గర రిజిస్టర్ పట్టుకు కూర్చున్నవాడికి సైతం వినపడేలా చెప్పింది: “గురువులు.”