రాతిబల్ల కుడివైపు

కర్ర ఠకఠకలాడించుకుంటూ వచ్చి, రాతిబల్ల కుడివైపున కూర్చోగానే శశిభూషణ్ మాస్టారికి గుండె ఝల్లుమంది.

రాయి చల్లగా లేదు.

పుష్యమాసం. రోడ్డు పక్కన మిరపచేలు మంచులో మునిగి ఉన్నాయి. ఇలాంటి పొద్దున నాపరాయి చల్లగా తగలకపోవడమేమిటి? అరచేత్తో తడిమి చూశాడు. ఊహూ.

"గురవమ్మా, రాయి నీకు చల్లగా ఉందా?"

ఎడమ కొసన ముడుచుకుని కూర్చున్న గురవమ్మ కొంగు బిగించుకుంది. మిరపకోతల ఆటో కోసం ఆమె, మొదటి బస్సులో వచ్చే పేపరు కోసం ఆయన రోజూ అక్కడికి వస్తారు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత ఖాళీ. పేపరు వంకతో ఆయన వెంట వచ్చి, ఒకప్పుడు అక్కడ ఆయన భార్య సీతారత్నం కూర్చునేది.

"సల్లగా లేకుండా ఎట్టుంటది? ఎముకలు కొరికేస్తంది. మీకు తెలవటం లేదంటే ఒంట్లో రక్తం అయిపోయుంటది మాస్టారూ."

ఆమె మాటలెప్పుడూ అంతే. పోయిన వారం ఆయన కూర్చుంటూనే "అబ్బా!" అని లేచి, "ఈ చలి పోయేదాకా ఇక రాను గురవమ్మా, పేపరు ఇంటికే వేయించుకుంటా" అంటే, "మానుకోండి, నాకేం! నాకు ఆటో వస్తే చాలు" అంది. మళ్ళీ తనే, "అదిసరే, నా గుడ్డసంచి సల్లగా లేదు. రాయే ఎందుకు సల్లగుంటది?" అని అడిగింది.

ఎన్నాళ్ళకో ఒకరు పాఠం అడిగారు. మాస్టారు నిలబడే చెప్పాడు.

"రెండూ ఇదే చలిలో ఉన్నాయి. ఒకటి ఎక్కువ చల్లనా కాదు, ఇంకొకటి తక్కువా కాదు. రాయి మన ఒంట్లో వేడిని గబుక్కున లాగేసుకుంటుంది. వేడి పోతుంటే మనకు చల్లగా తోస్తుంది. గుడ్డ అలా లాగదు."

"దొంగ సచ్చినది! లాక్కున్న వేడి ఏం చేసుకుంటదంట?"

"కాసేపు తనలోనే ఉంచుకుంటుంది."

"పాఠం అయిందా? ఆటో వచ్చింది" అంటూ వెళ్ళిపోయింది.

అడిగిందన్న సంతోషంతో మర్నాడూ వచ్చాడు. రాయి అంతగా కొరకలేదు. ఆ మర్నాడూ అంతే. ఇవాళ బొత్తిగా చల్లదనమే లేదు.

తనకూ షుగరుంది. సీతారత్నానికి ఇలాగే ముదిరింది. అరికాల్లో పత్తిమోడు దిగినా తెలియలేదు. ముందు కాలు పోయింది, తర్వాత మనిషి. ఆమెకు తను ఉన్నాడు. తనకు?

మధ్యాహ్నం బస్సెక్కి పర్చూరు వెళ్ళాడు. డాక్టరు శ్రీరమ్య ఒకప్పుడు ఆయన క్లాసులో ముందు బెంచీ. కళ్ళు మూసుకోమని, అరికాలికి ఏదో ఆనించింది.

"చల్లగా ఉందా సార్?"

"ఉందమ్మా. ఇనుమేనా?"

"ఇప్పుడు?"

"అంత లేదు. చెక్కా?"

"పెన్సిలు! మీ కాళ్ళకి కూడా ఫిజిక్సు వచ్చు సార్" అని నవ్వింది. "నరాలు భేషుగ్గా ఉన్నాయి. ఇంక ఈ కర్ర దేనికి? మీరొస్తుంటే వీధి మొదట్లోంచే వినపడుతోంది."

"ఇది మీ మేడమ్‌దమ్మా."

"అయితే ఇంట్లో దాచుకోండి. చేతికి మాత్రం వద్దు."

"మరి రాయి ఎందుకు చల్లగా లేదంటావ్?"

"అది రాయినే అడగాలి సార్."

మర్నాడు కర్రను తలుపు వెనక నిలబెట్టి బయల్దేరాడు. దాని కొసనున్న ఇనప పొన్ను సిమెంటు రోడ్డు మీద మోగకపోయేసరికి, పక్కన నడిచే మనిషి మాట మానేసినట్టుంది. మంచు దట్టంగా పట్టింది. దగ్గరికి వెళ్ళేదాకా బల్ల కనపడలేదు.

కనపడ్డ ఎడమ కొస ఖాళీగా ఉంది. గురవమ్మ ఇవాళ రాలేదన్నమాట. ఎందుకో మనసు కలుక్కుమంది. వెనక్కి తిరుగుదామా అనుకుంటూనే ఇంకో రెండడుగులు వేశాడు.

కుడివైపు, ఆయన చోట్లో, కర్ర చప్పుడు కోసం చెవి ఒగ్గి గురవమ్మ కూర్చుని ఉంది.