తొట్టి పక్కన బుట్ట

చెంచాతో సహా దొరికిపోయాడు.

అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటమ్మ చూసేసరికి ఆ ముసలాయన కంపోస్ట్ తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి దేవుతున్నాడు. నెత్తిన వెలిసిపోయిన నీలం టోపీ. రెండో చేతిలో చెంచా. చెంచా పిడి మీద గులాబీ పువ్వు.

ఆ పువ్వు ఆవిడకి బాగా తెలుసు. వాళ్ళింట్లో ఆ చెంచాలు ఒక్కొక్కటే మాయమైపోతున్నాయి.

"ఎవరయ్యా నువ్వు? ఆ చెంచా ఎక్కడిది?"

"ఇందులోదేనమ్మా. తొక్కలతో పాటు..."

"తొక్కలతో పాటు చెంచాలు పారేసుకునేంత మతిలేనివాళ్ళమా మేము?"

"అది కాదమ్మా, నేను రోజూ..."

"రోజూ కూడానా, దొంగా!"

ఆవిడ వాచ్‌మన్‌ని కేకేసింది. "నువ్వు కాపలా కాస్తున్నావా, కళ్ళు మూసుకుని జపం చేస్తున్నావా?"

"చెత్త బండి వస్తుందని వెనక గేటు గడియ పెట్టలేదమ్మా" అని నసిగాడు వాచ్‌మన్.

ముసలాయన చెంచా ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే గేటుకి తాళం పడింది.

ఆవిడ చిరాకుకి కారణం లేకపోలేదు. వంటింటి చెత్తని ఎరువు చేద్దామని ఆ తొట్టి పెట్టించింది ఆవిడే. తొక్కలూ ఆకులూ ఇందులో, ప్లాస్టిక్ వేరే డబ్బాలో అని గడపగడపకీ తిరిగి చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. తొట్టి కుళ్ళి కంపు కొడితే, అపార్ట్‌మెంటంతా ఏకమై మీటింగులో ఆవిడని కడిగేసింది.

"మన సంగతి సరే మేడమ్, తొట్టి ఉన్నది గోడ అవతలాయన కిటికీ కింద. ఆయన ఒక్క కంప్లైంట్ పెడితే చాలు, మునిసిపాలిటీవాళ్ళు మన మెడ మీద కూర్చుంటారు" అన్నాడు సెక్రటరీ.

గోడ అవతలాయన్ని వీళ్ళెవరూ చూడలేదు. ఆ ఇంటి గుమ్మం వెనక వీధిలోకి ఉంది. ఇటువైపు కనిపించేది ఎప్పుడూ మూసి ఉండే కిటికీ ఒక్కటే. దాన్ని చూస్తేనే ఆవిడకి గుండె దడ.

"మళ్ళీ వాసనొస్తే నేనే దగ్గరుండి తీయించేస్తా. ఈ ప్రెసిడెంటు పదవీ మీకే వదిలేస్తా" అని ఆవేశంగా మాటిచ్చేసింది.

ఆ తర్వాత ఏం మాయ జరిగిందో గానీ వాసన పోయింది. తొట్టిలో వెతికినా ఒక్క కవరు లేదు. అడుగున నల్లటి ఎరువు పొడిపొడిగా తయారైంది.

"చెప్పగా చెప్పగా జనం మారతారండీ" అని ఆవిడ కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయింది. అలాంటి తొట్టిలో ఎవడో చెయ్యి పెడితే ఒళ్ళు మండదూ?

గేటుకి తాళం పడిన వారం తిరక్కుండానే తొట్టి మళ్ళీ గుప్పుమంది.

మూత తీస్తే పాల కవర్లు, డైపర్లు, షాంపూ సీసా.

ఆవిడ పైకెళ్ళి తలుపు తట్టింది. "పిన్నిగారూ, ఈ డైపర్లు మీవేనా?"

"మా ఇంట్లో చంటిపిల్లలెక్కడున్నారమ్మా? పక్కింట్లో అడుగు."

పక్కింటావిడ పైవాళ్ళ మీదకి నెట్టింది. పైవాళ్ళు తలుపే తీయలేదు.

కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి ఆవిడ మొగుడు పళ్ళెం ఎత్తి చెత్తబుట్టలో గుమ్మరిస్తున్నాడు. తొక్కలతో పాటు పెరుగు డబ్బా పడింది. దాంతోపాటు గులాబీ పువ్వు చెంచా.

"ఏమండీ!"

"ఏమైందే? అన్నీ చెత్తేగా!"

ఆవిడకి ఏడుపొచ్చింది. ఇంట గెలవకుండానే రచ్చకెక్కింది మరి. 'నేను రోజూ...' అంటూ ముసలాయన నోట్లోనే ఆగిపోయిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

అప్పటికే మళ్ళీ మీటింగు పెట్టి, తొట్టి తీసెయ్యాలని తేల్చేశారు. ఆదివారం లారీ వచ్చింది. నలుగురు పట్టి తొట్టి లేపారు.

తొట్టికీ గోడకీ మధ్య సందులో, మేకుకి ఒక బుట్ట వేలాడుతోంది. అందులో గులాబీ చెంచాలు, కూరగాయల పీలరు, చంటిపిల్ల గాజు, ఎవరిదో తాళంచెవి. అన్నీ శుభ్రంగా కడిగినవే. ఎవరిది వాళ్ళు తీసుకుంటారనుకున్నాడు కాబోలు. విసిరేసి పోయేవాళ్ళకి గోడ మీద ఏముందో ఏం కనబడుతుంది?

జనం మారలేదు. ఆయనొక్కడే రోజూ కూర్చుని అందరి కవర్లూ ఏరాడు. ఆ మనిషినా తను దొంగన్నది!

"ఆ టోపీ ఆయన్ని వెతికి తీసుకురా" అంది వాచ్‌మన్‌తో.

"ఎక్కడని వెతకనమ్మా? ఏ ఊరు, ఏ పేరు అని ఆయన్ని అడిగిందెవరు?"

లారీ తొట్టితో మలుపు తిరిగింది.

అప్పుడు తలపైన కిటికీ కిర్రుమంటూ తెరుచుకుంది. ఇన్నాళ్ళకి కంప్లైంట్ రానే వచ్చిందనుకుని ఆవిడ బిక్కచచ్చిపోయింది.

"అయ్యో, తీయించేశారా అమ్మా? దొంగన్నారని అలిగి రావడం మానేశాను గానీ, ముందే మీ తలుపు తట్టి చెప్పాల్సింది నేనే" అంటూ నీలం టోపీ సర్దుకున్నాడు గోడ అవతలాయన.