ఏడున్నర అంగుళాలు

ఇంజనీరు వేంకటాచలపతి తొమ్మిది అంగుళాల వెడల్పు లారీ టైరు మీద చెయ్యి వేసి, ఇదే బిగించమన్నాడు. మేస్త్రీ ప్రేమానందం ఒప్పుకోలేదు.

యుద్ధకాలంలో నాలుగేళ్ళు అస్సాం ఇసకల్లో, బర్మా బురదల్లో మిలిటరీ బండ్లు బాగుచేసి వచ్చిన మనిషి అతను. తిరుపతిలో కొట్టు పెట్టి రెండేళ్ళయింది. సర్కారువాళ్ళు వేలంలో కొన్న పాత జీపు ఇప్పుడా కొట్టు ముందు చక్రాలు ఊడదీసి, దిమ్మెల మీద నిలబెట్టి ఉంది. దానికి ముందునుంచీ ఉన్నవి ఆరంగుళాల టైర్లు. గట్టినేల మీద బాగానే పోతాయి గాని, ఇసకలో కత్తుల్లా దిగబడతాయి. నిరుడూ, అంతకు ముందేడూ నీళ్ళ స్కీముకు కొలతలు తీసే సర్వేవాళ్ళు కార్వేటినగరం దాటి ఏటి ఇసకలో దిగబడి, ఎడ్లను కట్టి జీపును లాగించుకుని వెనక్కి వచ్చేశారు.

"తొమ్మిదైతే ఇసక మీద తేలిపోతాది సార్, కాదనను. అయితే మలుపులో తిప్పినప్పుడు లోపల స్ప్రింగు కమాను పట్టీలకు రాసుకుంటాది. ఏరు దాటినాక బండ్లబాటంతా రాళ్ళూ మలుపులే. ఆడ తిరక్కపోతే ఇరుక్కుంటాము."

"మరి ఏది వెయ్యమంటావు?"

"ఏడున్నర. రిమ్ములూ వెడల్పువి మార్చాల. ఏట్లో దిగేముందు గాలి సగం తీసేస్తే, టైరు ఏనుగు పాదం మాదిరి పరుచుకుంటాది."

ఆ బాట నీకెలా తెలుసునని ఇంజనీరు అడిగాడు. అది తన ఊరి బాటేనన్నాడు ప్రేమానందం.

ఊరు గుట్టకిందపల్లె. ఎనిమిదేళ్ళ కిందటి కరువులో, ఊరివాళ్ళు తాగునీళ్ళ కోసం ఉన్న ఒక్క బావినీ ఇంకా లోతుకు తవ్వారు. లోపల మన్ను తట్టకెత్తుతున్న అతని చెల్లెలు కరుణమ్మ మీద ఒడ్డు విరిగిపడింది. పదహారేళ్ళ పిల్ల. బయటికి తీసేసరికి పిడికిట్లో తడిమన్ను ఉంది. మరుసటేడే అతను పట్టాళంలో చేరిపోయాడు. తల్లి గురవమ్మను తిరుపతికి రమ్మని ఎన్నిసార్లు పిలిచినా, బిడ్డ సమాధిని ఒంటరిగా విడిచి రానంది. ఇప్పటికీ ఆమె ఏట్లో చెలమ తవ్వుకుని, ముంతతో తోడుకుని, ఒక్కో కడవ ఇంటికి మోస్తూనే ఉంది.

ఇంజనీరు మంచివాడే. ఉన్నమాట చెప్పాడు. ఈ ఏడు కూడా జీపు చేరకపోతే ఈ చోటు పనికిరాదని రాసేసి, ఇంకో తాలూకా చూసుకోమని పైనుంచి ఉత్తరువు వచ్చిందట.

"సార్, ఈ స్కీము వస్తే మా ఊరికి నీళ్ళు వస్తాయా?"

ఇంజనీరు కాగితాల మీద సంతకం పెడుతూ, "మీ ఊరికే మొదట వస్తాయయ్యా," అన్నాడు.

ఆ వెడల్పు టైర్లు అంత సులువుగా దొరకలేదు. రెండు తన కొట్లోనే ఉన్నాయి. ఒకటి రేణిగుంటలో పాతసామాన్లవాడి దగ్గర, ఇంకొకటి చిత్తూరులో పాడుబడిన లారీ కింద దొరికాయి. వెడల్పు రిమ్ములు సరిపోకపోతే బోల్టుల రంధ్రాలు తానే ఆకురాయితో అరగదీసి కూర్చాడు. పదోనాటికి బండి సిద్ధమైంది. తానే నడుపుతానని పట్టుబట్టి ఎక్కాడు.

ఏటి నడుమ ఒకచోట వెనకచక్రం ఊరికే తిరగసాగింది. ప్రేమానందం దిగి ఇంకాస్త గాలి తీశాడు. మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాడో, టైరు చూసుకున్నాడో వెనక కూర్చున్నవాళ్ళకు తెలియలేదు. మళ్ళీ ఎక్కి మెల్లగా తోలాడు. జీపు ఇసక మీద ఈదినట్టు పోయి ఒడ్డెక్కింది. బాటలో మలుపులన్నీ తిరిగింది.

ఊరంతా ఎదురొచ్చింది. గురవమ్మ వంగి టైరును తడిమింది.

"ఇవి అప్పుడే వచ్చింటే నా బిడ్డ ఆ బావిలోకి దిగేదే గాదు నాయనా."

ప్రేమానందం తల్లి వెంట సమాధి దాకా నడిచాడు. ఆమె సమాధి మీది ఎండుటాకులు ఏరిపారేసి, నిద్రపోతున్న పిల్లకు చెప్పినట్టు చెప్పింది. "ఇంక ఎవురూ బావిలోకి దిగే పన్లేదమ్మా. నీళ్ళే మన కాడికి వస్తాయంట."

ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆమె ముఖం తేటపడడం చూశాడు. చూసి తట్టుకోలేక, తుండుగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు.

సాయంత్రం దాకా సర్వేవాళ్ళు మూడుకాళ్ళ దుర్భిణి పెట్టి కొలతలు తీశారు. ఒకడు ఊరి వెనక గుట్ట ఎక్కి, దాని నడిమెత్తున ఎర్రజెండా పాతి దిగివచ్చాడు. కిందనించి చూస్తే అది ఊళ్ళోని కప్పులన్నిటికన్నా, గుడిసె ప్రార్థనమందిరం మీది సిలువకన్నా చాలా ఎత్తున ఉంది.

ఊరిపెద్ద కుప్పయ్య కొబ్బరిబొండాం కొట్టి ఇంజనీరు చేతికిచ్చి, అందరి తరఫునా అడిగాడు.

"నీళ్ళు యాడిదాకా వస్తాయి సామీ? మా చేనుగట్ల దాకా వస్తాయా?"

ఇంజనీరు ఆశ్చర్యపోయినట్టు ఒకసారి అందరి ముఖాలూ చూశాడు. వీళ్ళకు ఎవరూ చెప్పలేదా అని ప్రేమానందం వైపు తిరిగాడు. తర్వాత తల దించుకుని, పెన్సిలుతో గుట్ట వైపు చూపించాడు.

"ఆనకట్ట కడితే ఆ జెండా దాకా నిలుస్తాయి."