చేటెడు తవుడు

"తిప్పయ్యను మీరు పెంచుకున్నారా అమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"లేదు సార్. కొనుక్కుంటి," అంది కదిరమ్మ.

డాక్టరు కాగితాల్లోంచి తలెత్తాడు. "కొనుక్కున్నారా?"

"చేటెడు తవుడిచ్చి కొంటి. కన్నది కూడా నేనే."

ఆయనకు అర్థం కాలేదు. అడిగే ఓపిక కూడా లేదు. చెప్పాల్సింది చెప్పేశాడు. తల్లీబిడ్డల రక్తంలో సగమైనా కలవాలి. వీళ్లిద్దరికీ ఏమీ కలవలేదు. ఆమె కిడ్నీ తిప్పయ్యకు పనికిరాదు. రక్తసంబంధం ఉన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే తొందరగా తీసుకురమ్మన్నాడు. గుండె కూడా దెబ్బతింటోందట, డయాలసిస్‌తో ఎక్కువ రోజులు లాగలేమన్నాడు.

ఎవరున్నారు? మొగుడు ఓబులేష్ పోయి ఐదేళ్లయింది. కోడలు హేమావతికి షుగరు, ఆమెది తీసుకోరు.

తిప్పయ్య మంచం మీద పడుకుని ఉన్నాడు. కాళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఏమన్యాడు?"

"నాది కుదరదంట."

"సరేలే. నువ్వింత తిను పో," అని గోడ వైపు తిరిగాడు.

ఏడుపు రావాలి కదా అనుకుంది కదిరమ్మ. రాలేదు. బస్టాండుకు నడిచి కదిరి బస్సెక్కింది.

తవుడు మాట అబద్ధం కాదు. కదిరమ్మకు మొదటి ముగ్గురు పిల్లలూ పురిట్లోనే పోయారు. నాలుగోవాడు పుట్టిన మర్నాడే, పెద్దవాళ్లు చెప్పినట్టు, వాణ్ణి చేటలో పెట్టి ఇంటి వెనక పెంటతిప్ప మీద వదిలేసింది. ముందే అనుకున్న ప్రకారం పక్కింటి బయమ్మ వచ్చి ఎత్తుకుపోయింది. ఆమె అప్పటికి వారం బాలింత. పాలున్నాయి. మూడు రోజులు బిడ్డ అక్కడే ఉండాలి. కన్నతల్లి వాడి మొహం కూడా చూడకూడదు. నాలుగో రోజు పరాయి బిడ్డను కొన్నట్టు బేరమాడి కొనుక్కోవాలి. చావు వెతుక్కుంటూ వస్తే, ఈ ఇంట్లో కన్నబిడ్డ లేడనుకుని దారిన పోవాలి. అదీ లెక్క.

అంతా మాటలోనే ఉంది. "నా బిడ్డను ఇయ్యి" అనకూడదు. "వాపసు" అన్న మాట అసలు రాకూడదు. "అమ్ముతావా?" అనాలి. కదిరమ్మ తడబడకుండా అడిగింది. బయమ్మ "అమ్మితి" అంది. బిడ్డ ఇటు, తవుడు అటు మారాయి.

ఆ ఏడు ఊళ్లో పసిపిల్లలు చాలామంది పోయారు. బయమ్మ కొడుకూ పోయాడు. తిప్ప మీద పడుకున్న తిప్పయ్య మాత్రం దక్కాడు. దాంతో కదిరమ్మ ఆ మాటను గట్టిగా పట్టుకుంది. ముప్ఫై రెండేళ్లలో ఒక్కసారి కూడా "నా కొడుకు" అనలేదు. ఎవరడిగినా "మేము కొన్నోడు" అనేది. వాడి పెళ్లి పీటల మీద కూడా అదే మాట. వాడు నొచ్చుకున్నాడని తెలుసు. బతికితే చాలనుకుంది.

ఇప్పుడు బస్సు కిటికీ పక్కన కూర్చుంటే సంగతి తెలిసొచ్చింది. మరీ గట్టిగా కొనేసింది. చావును నమ్మించాలని అన్న మాట నెత్తురు కూడా నమ్మేసింది.

ఊళ్లో దిగి నేరుగా ఇంటికి పోయింది. ఖాళీ చేట పట్టుకుని బయమ్మ ఇంటికి వచ్చింది.

బయమ్మ వాకిట్లో విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తోంది. కదిరమ్మ చేట ఆమె ముందు పెట్టింది.

"వొదినా, నేనిచ్చిన తవుడు నాకు వాపసియ్యి. ఆ బేరం కొట్టేద్దాం."

"ఏమైంది కదిరమ్మా?"

"నా నెత్తురు వానికి కలవలేదంట. నీ దగ్గర కొన్న్యాక యాడ కలుస్తాది? నువ్వు తవుడు ఇచ్చేసి, 'ఇది నీ బిడ్డే' అని ఒక్క మాట అను. అప్పుడు మళ్లీ పరీచ్చ చేయిస్తా."

బయమ్మ ఇంకో కాయ తీసి ఒలిచింది.

"సావుకు భయపడి ఇన్నేండ్లు దాస్తి. ఇప్పుడు అదొచ్చి వాని మంచం కాడ కూర్చోనుండాది. ఇంక దాచేదేముంది? ఒక్క మాట వొదినా, నోటిమాటే కదా!"

"ఆ మాట నేను అనలేను."

"నీకేం పోతాది?" కదిరమ్మ అరిచింది. పొద్దున్నించి ఆమె గొంతు లేవడం అదే మొదటిసారి.

బయమ్మ ఒడిలోని కాయలు చేటలోకి దులిపింది. లోపలికి పోయి ఆధార్ కార్డు కొంగుకు కట్టుకుని వచ్చింది. తలుపు గొళ్లెం పెట్టింది.

"ఆస్పత్రికి పా. నాది కలుస్తాది."

"నీదెట్ల కలుస్తాది?"

"తిప్ప మీంచి ఎత్తుకొచ్చిన మూడోనాడే నీ బిడ్డ పోయినాడు కదిరమ్మా, నాలుగోసారి నీకెట్ల చెప్పల్లనో తెలీక నా కొడుకును నీకు అమ్మితి."