సైరన్ మోగాక

1983 వేసవి, అమెరికాలోని జార్జియా. డ్యామ్ సైరన్ మోగింది. ఇంకాసేపట్లో నీళ్ళు వదులుతారు. తక్కినవాళ్ళందరూ ఒడ్డెక్కేశారు. డ్యామ్ దిగువ నదిలో, నడుంలోతు నీళ్ళలో వసుమతి ఒక్కతే మిగిలింది.

"వచ్చెయ్యమ్మా!" ఒడ్డు మీంచి అరిచారు కృష్ణమాచారి. ఆయనకి ఈత రాదు.

ఇంత ఎండల్లో ఇక్కడ చల్లటి నీళ్ళలో తప్ప ఉండలేని ట్రౌట్ చేపలు బతుకుతాయని ఎవరూ అనుకోలేదు. డ్యామ్ అడుగునుంచి వచ్చే చన్నీళ్ళే వాటిని బతికించాయి. ఇప్పుడు కూతురి చేతుల్లో మూరెడు చేప. దాని నోట్లోంచి పురుగులా కనబడే ఈకల గాలం తీసేసి, అది తేరుకునేదాకా ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని నిలబడింది.

"వదిలెయ్ దాన్ని!"

"ఇప్పుడే వదిలితే చచ్చిపోతుంది నాన్నా!"

"చస్తే చావనీ!"

నీళ్ళు ఛాతీదాకా వచ్చాయి. వసుమతి కదల్లేదు.

తన చేతుల్లో ఒక్క చేప కూడా చావదని పూజగదిలో ఆమెచేత ఒట్టు వేయించుకున్నాకే ఆయన ఆ గాలం కొనిచ్చారు.