ఇంటి సభ్యులు ఇద్దరు

పైడిరాజు రోజూలాగే ఆటో హ్యాండిల్ తాకి కళ్లకద్దుకుని, దాని మీద బొటనవేలు పెట్టాడు. ఆటో మామూలు గొంతుతోనే చెప్పింది: "ఇంటి సభ్యులు ఇద్దరు. ఇద్దరి రక్తమూ శుభ్రం. బయలుదేరవచ్చు."

నిన్నటిదాకా ఇంట్లో ఒకరు గంజాయితో దొరికితే ఆ ఇంటి లైసెన్సులన్నీ ఆగిపోయేవి. కొడుకు భాస్కర్ దొరికినప్పుడు ఈ ఆటో కదలడం మానేసింది. వీధిలో అందరూ చేసేదే పైడిరాజూ చేశాడు. లైసెన్సుల ఆఫీసుకెళ్లి, వాడు మా ఇంటివాడు కాదని కెమెరా ముందు చెప్పాడు. మర్నాడే ఆటో స్టార్టయింది. భాస్కర్ తునిలో మేనమామ ఇంటికి వెళ్లిపోయాడు. ఇంట్లో ఎవరూ ఏడవలేదు. ఆ రోజు బేరాలు బాగానే తగిలాయి.

భార్య వరాలమ్మ క్యారేజీ పట్టుకుని బయటికొచ్చింది. అందులో భాస్కర్‌కి ఇష్టమైన ఎండుచేపల ఇగురు ఉంది.

"టీవీలో ఇన్నావా? ఆ రూలు తీసేసినారంట. ఇకమీదట మత్తులో బండి నడిపినోడికే శిక్షంట. ఎల్లి గుంటడ్ని తీసుకొచ్చీ."

"బోణీ అవనీ."

"ఇంటి సభ్యులు ఇద్దరు," అని ఆటో మళ్లీ అంది.

"రూలు పోనాది కదా, ఇంకా ఇద్దరంటదేటి? ముగ్గురని సెప్పు దానికి."

"మనం సెప్పిందే కదే అది సెప్తంది."

క్యారేజీ సీటు కింద పెట్టి, ఆటోని బస్టాండు వైపు తిప్పాడు. బోణీ అయింది. ఆ తర్వాత ఇంకో బేరం తగిలింది, ఆ తర్వాత మరొకటి. మధ్యాహ్నం ఆకలేస్తే, కొడుక్కి కట్టిన క్యారేజీ తనే విప్పుకుని తినేశాడు.