సీసా మీద తేదీ

పడవ మాగోంగ్ రేవు దారిలో సగం దూరం వచ్చిందో లేదో, అత్త గుండె పట్టుకుని పక్కకు ఒరిగిపోయింది.

“అత్తయ్యా! అయ్యో, కళ్ళు తెరవండత్తయ్యా!” చియులాన్ గొంతు చించుకుని అరిచింది.

ఆవలి తీరం చైనా నుంచి ఈ తైవాన్ దీవికి కోడలిగా వచ్చి పట్టుమని నెల కాలేదు. మొగుడు చేపల వేటకు పోతూ “అమ్మ జాగ్రత్త” అని ఒక్క మాటే చెప్పాడు. ఈమెకేమైనా అయితే అతనికి ఏ మొహం పెట్టుకుని జవాబు చెప్పాలి?

వెనక బల్ల మీది ముసలాయన తూలుకుంటూ వచ్చాడు. ఎవరో, ఏ ఊరో. జేబులోంచి చిన్న గాజుసీసా తీసి, ఒక మాత్ర అత్త నాలుక కింద పెట్టాడు.

“ఏం పెట్టావు తాతా? నిన్నెవరు పెట్టమన్నారు?”

“గుండె మందే అమ్మాయ్. మింగనివ్వకు, కరగనీ.”

చియులాన్ సీసా లాక్కుని గడువు తేదీ వెతికింది. 99, పన్నెండో నెల.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. ఇది రెండువేల పది. తొంభై తొమ్మిదంటే పదకొండేళ్ళ కిందటి మాట!

“ఎప్పుడో చచ్చిన మందు పెడతావా? తిరునాళ్ళలో లేహ్యాలమ్ముకునే మొహమూ నువ్వూ! మా అత్తను చంపడానికే దాపురించావా?”

“అమ్మాయ్, ఆగు, అది...”

ఆగితేగా! సీసాను సముద్రంలోకి గిరాటేసింది.

ముసలాయన నీళ్ళకేసి ఒకసారి చూశాడు. తిరిగి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాడు.

“ఏమైందమ్మా?” పడవ నడిపే ఆషూయ్ కేకేశాడు.

“తొంభై తొమ్మిదిలో గడువు తీరిన మందు బాబాయ్!”

“ఓసి పిచ్చితల్లీ! ఇక్కడ గణతంత్రం వచ్చినప్పటి నుంచి ఏళ్ళు లెక్కపెడతాం. ఇప్పుడు నడిచేదే తొంభై తొమ్మిది. మీ ఇంట్లో గోడ కేలండర్ చూళ్ళేదూ?”

అప్పుడే అత్త పెద్దగా ఊపిరి తీసుకుంది. చెంపలకు రంగు వచ్చింది.

“నొప్పి తగ్గిందే పిల్లా. ఏం మందు పెట్టావే!”

చియులాన్ భోరుమంది. ఎంత పాపిష్టి పని చేశాను దేవుడా! పెళ్ళివారికని తీసుకెళ్తున్న నల్లబెల్లం కేకు పొట్లం పట్టుకుని వెనక్కి పరుగెత్తింది.

“తాతా, నీ కాళ్ళు పట్టుకుంటాను. బుద్ధి గడ్డి తిని అన్నాను. రేవు దిగగానే కొత్త సీసా కొనిస్తా.”

ముసలాయన పలకలేదు.

“తాతా!” భుజం పట్టి కుదిపింది.

తల పక్కకు వాలిపోయింది. ఎడమచెయ్యి గుండె మీద ఉంది, తన ప్రాణం కోసం సీసా దాచుకునే జేబులోనే కుడిచెయ్యి బిగుసుకుపోయింది.